జానలు కొలిచే పురుగు

గత శ్రావణంలో వాన వెలిసిన ఒక రాత్రి, కడపలో మా మిద్దె మీద తెల్ల పంచెను తీగకు వేలాడగట్టి, దాని ముందు బల్బు వెలిగించి కూర్చున్నాను. పంచె మీద వాలినవాటి కంటే నేను ఎక్కువసేపు చూసినది, పిట్టగోడ మీది నల్లటి కడప బండపై వాలిన ఒక బూడిదరంగు రెక్కల పురుగును. అది నాలుగు రెక్కలనూ బండకు అతికించినట్లు పరిచి కూర్చుంది. ముందు రెక్క మీద మొదలైన సన్నటి గోధుమరంగు గీత ఎక్కడా తెగకుండా వెనుక రెక్క మీదికి సాగడం వల్ల, నాలుగు రెక్కలూ కలిసి ఒకే గుడ్డ మీద అద్దకం వేసినట్లు కనిపించాయి. తుమ్మ బెరడు మీద వాలి ఉంటే అది నా కంటికి ఆనేదే కాదు. జియోమెట్రిడే కుటుంబానికి చెందిన మాత్‌లలో, అంటే సీతాకోకచిలుకలకు చుట్టాలైన ఈ రెక్కల పురుగుల్లో, చాలావరకు ఇట్లాగే రెక్కలు పరుచుకొని వాలుతాయి.

గ్రీకు భాషలో 'భూమిని కొలిచేది' అనే అర్థం నుంచి వచ్చిన ఈ పేరు, రెక్కల పురుగును కాక దాని గొంగళి పురుగును చూసి పెట్టినది. మామూలు గొంగళి పురుగుకు ముందున్న మూడు జతల కాళ్లు కాక, పొట్ట కింద ఐదు జతల మెత్తటి కండకాళ్లు ఉంటాయి. ఈ కుటుంబంలో సాధారణంగా ఉదరపు ఆరో ఖండంలో ఒకటి, పదో ఖండంలో ఒకటి, మొత్తం రెండు జతలే మిగిలాయి. నడుమ ఆధారం లేదు కనుక ముందుకాళ్లతో కొమ్మను పట్టుకొని, వెనుక భాగాన్ని వాటి దగ్గరికి లాక్కొని, విల్లులా వంగి, మళ్లీ ముందుకు చాపుకుంటూ పోవాలి. చిన్నప్పుడు మా జేజి దీన్ని "జానలేసే పురుగు" అనేది. స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో ఈ మాత్‌లను 'జియోమెట్రా' అని ఒక గుంపుగా చేసినప్పుడు, మీసాలు ఈకల్లా ఉన్న జాతుల పేర్లు 'ఆరియా' అనీ, నూలుపోగుల్లా ఉన్నవాటి పేర్లు 'ఆటా' అనీ ముగిసేటట్లు పెట్టాడు. పేరు వింటేనే మీసం తెలిసేటంత ముచ్చటైన ఏర్పాటు అది. 1815లో లీచ్ అనే ఇంగ్లాండు జంతుశాస్త్రవేత్త ఈ గుంపుకు కుటుంబ స్థాయి ఇచ్చాడు.

నడకను నమ్మి నేనొకసారి బాగా మోసపోయాను. వేరుశనగ చేని గట్టున వేసిన ఆముదం మొక్కల మీద నడుము వంచుతూ పాకే పురుగును పట్టి, ఆకులు వేసి ఒక డబ్బాలో పెంచి, నా నోటుబుక్కులో 'జియోమెట్రిడే' అని ధీమాగా రాసుకున్నాను. తీరా కోశం నుంచి బయటికి వచ్చినది నల్లటి వెనుక రెక్కల మీద తెల్లటి పట్టీ ఉన్న బలమైన మాత్. అది మన రైతులందరికీ తెలిసిన దాసరి పురుగే. దాని కండకాళ్లలో మొదటి జత కుంచించుకుపోయింది కనుక నడుము వంచుతుంది, అంతే. అది ఎరిబిడే అనే వేరే కుటుంబానిది. మరోపక్క, ఆర్కియారినే అనే చిన్న ఉపకుటుంబంలో గొంగళి పురుగులకు కండకాళ్లు కొంత కుంచించుకుపోయినా మొత్తం జతలూ ఉంటాయి, అయినా అవి జియోమెట్రిడేలే. కుటుంబానికి అసలు గుర్తు మాత్ ఉదరం మొదట్లో ఉంది. గబ్బిలాల కూతను వినే చెవులు అక్కడ ఉంటాయి. ఆ చెవి గూటిలో 'అన్సా' అనే చిన్న గట్టి పలక ఈ కుటుంబానికే ప్రత్యేకం. ఎరిబిడేలకూ చెవులున్నాయి కాని అవి ఉరంలో ఉన్నాయి. పేరు పెట్టినది కాళ్లను చూసి, నిలబెట్టినది చెవి!

ఈ కుటుంబంలో ఇప్పటికి సుమారు 23,000 జాతులకు పేర్లున్నాయి, అందులో సగానికి కొంచెం తక్కువ ఎన్నోమినే అనే ఒక్క ఉపకుటుంబానివే. మిగతా ఉపకుటుంబాల హద్దులు మాత్రం చాలాకాలం గందరగోళంగానే ఉన్నాయి. ముఖ్యంగా ఈనోక్రోమినే అనేది ఎక్కడా ఇమడని జాతులను పడేసే అటకలాగా తయారైంది. 1,206 నమూనాల నుంచి గరిష్ఠంగా 11 జన్యుభాగాలను పోల్చి 2019లో ప్రచురించిన వంశవృక్షం ఆ అటకను సర్దింది: కొన్నింటిని విడదీసి ఎపిడెస్మినే అనే కొత్త ఉపకుటుంబం చేశారు, ఆర్థోస్టిక్సినేను ఎన్నోమినేలో కలిపేశారు, స్టెరినే, లారెంటినే ఉపకుటుంబాలు మిగతావాటి నుంచి మొదట్లోనే చీలాయని చూపారు. అంతకు చాలా ముందే, 1986లో, మధ్య, దక్షిణ అమెరికాల్లో రాత్రిపూట ఎగిరే హెడిలిడే అనే గుంపును ఈ కుటుంబంలో నుంచి తీసి సీతాకోకచిలుకల వైపు చేర్చారు.

పరిణామం గురించి చదివినవారికి ఈ కుటుంబంలోని ఒక జాతి పరిచయమే ఉంటుంది. ఇంగ్లాండులోని బిస్టన్ బెటులేరియాలో నల్లటి రకం 1848లో మాంచెస్టర్ దగ్గర దొరికింది. ఫ్యాక్టరీల మసితో నల్లబడిన చెట్ల మీద తెల్ల రకాన్ని పక్షులు ఏరి తినగా, ఆ శతాబ్దం చివరికి అక్కడ దాదాపు అంతా నల్లదే అయింది. కార్టెక్స్ అనే జన్యువు మధ్యలో 21,925 జతల డీఎన్ఏ ముక్క ఒకటి వచ్చి చేరడమే ఆ నల్లరంగుకు కారణమనీ, అది సుమారు 1819లో జరిగి ఉంటుందనీ 2016లో తేల్చారు. హవాయి దీవుల్లో ఇదే కుటుంబంలోని యుపితేసియా అనే ప్రజాతికి చెందిన కొన్ని జాతులైతే ఆకులు మానేశాయి. వాటి గొంగళి పురుగులు పుల్లలా కదలకుండా నిలిచి, ఒంటికి తగిలిన ఈగను వెనక్కి వంగి పట్టి తింటాయి.

ఆ రాత్రి మిద్దె మీద, చెవుల సంగతి చదివి ఉన్నాను కదా అని, జేబులోని తాళంచెవుల గుత్తిని ఆ పురుగుకు జానెడు దూరంలో గలగలలాడించాను. ఆ గలగలలో మన చెవికి అందని సన్నటి ధ్వని ఉంటుంది, గబ్బిలం కూతకు దగ్గరగా. మొదటిసారి అది కదలలేదు. రెండోసారి రెక్కలు ఒక్కసారి వణికాయి. మూడోసారికి బండ మీది నుంచి ఎండుటాకులా జారి, పిట్టగోడ అవతలి చీకట్లో పడిపోయింది. టార్చి వేసి కింద కానుగ చెట్టు మొదట్లో ఎంత వెదికినా మళ్లీ కనపడలేదు.