ఇండిపెండెంట్‌గా వార్డుకు పోటీ చేశాను: కరపత్రంలో ఏం రాశాను, ఏం రాయలేదు

2020 జనవరిలో తెలంగాణ మున్సిపల్ ఎన్నికలప్పుడు మా వార్డు జనరల్ మహిళకు వచ్చింది. రిజర్వేషన్లు తేలింది 5న, నామినేషన్లు 8 నుంచి 10 వరకే. ఇంట్లో కూర్చుని నిమ్మళంగా మాట్లాడుకునే టైమ్ కూడా లేదు, ఇండిపెండెంట్‌గా వేసేశాను. మనల్ని ప్రతిపాదించే మనిషి అదే వార్డు ఓటరై ఉండాలి, ఆస్తులు, కేసుల వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలి, మున్సిపాలిటీకి బాకీ ఉండకూడదు. పోటీ చేయాలనుకునేవాళ్లు ఇంటి పన్ను, నల్లా బిల్లు రసీదులు ముందే తీసి పెట్టుకోండి, చివర్లో వాటి దగ్గరే టెన్షన్.

అసలు కష్టం కరపత్రం రాయడం. గడపగడపకూ తిరిగి మీకేం కావాలని అడిగితే ఎక్కువ మంది చెప్పింది పింఛను, డబుల్ బెడ్రూం ఇల్లు. ఆ రెండూ మంజూరు చేసేది కౌన్సిలర్ కాదు. "రాసెయ్యి అక్కా, అందరూ రాస్తున్నరు గదా" అని నాతో తిరిగే పిల్లలే అన్నారు. నేను రాయలేదు. పింఛను కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న ముసలమ్మకు, నా చేతిలో లేనిదాన్ని ఇస్తానని ఎట్లా చెప్తాను? దరఖాస్తు నింపి పెడతాను, ఆఫీసుకు తోడు వస్తాను అని మాత్రం చెప్పాను.

మొదటి పనిగా మోరీ, అంటే మురుగు కాలువ, రాశాను. మా గల్లీలో మోరీ లేకుండానే సీసీ రోడ్డు వేశారు, రోడ్డు ఎత్తయింది, ఇళ్లు కిందికి పోయాయి, వాన పడితే కింది వరస ఇళ్లలోకి నీళ్లు. తర్వాత పైపులైన్ కోసం అదే రోడ్డు తవ్వి, మట్టి కప్పి వదిలేశారు. కొత్త రోడ్డు వేయిస్తానని చెప్తే ఓట్లు పడతాయి, కానీ ముందు పైపు, తర్వాత వాలు చూసుకుని మోరీ, అన్నిటికన్నా చివర రోడ్డు, ఈ వరస తప్పితే ఎన్నిసార్లు వేసినా డబ్బు మట్టిపాలే. నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో, ఏ ఇంటి ముందు నుంచి ఎటు పోవాలో ఒక మేస్త్రీని వెంటబెట్టుకుని నడిచి, కాగితం మీద గీయించి కరపత్రం వెనక అచ్చు వేయించాను. మగవాళ్లు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు, ఆడవాళ్లు మాత్రం నిలబడి తమ ఇల్లు ఎక్కడుందో వెతికి, "మా దగ్గర ఇంకొంచెం లోతు కావాలె" అని దిద్దారు. నాకు చాలా సంతోషం అనిపించింది అప్పుడే.

రెండోది చెత్త. సూర్యాపేటలో 2000ల మొదట్లోనే, ఖాదర్ సాహెబ్ కమిషనర్‌గా ఉన్నప్పుడు, వీధుల్లో కుండీలు తీసేసి ఇంటింటికీ బండి పంపి, తడి చెత్తతో ఎరువు చేసి, పొడి చెత్త అమ్మారు. అక్కడ అయింది మా దగ్గర ఎందుకు కాదు? ఇక ఖాళీ ప్లాట్లలో దోమలు, వీధి దీపాలు, ఇవి ఒక్కో వాక్యంలో రాశాను.

మొక్కల గురించి కూడా చెప్పాలి. 2019 మున్సిపల్ చట్టంలో బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే పెట్టాలని ఉంది, నాటినవాటిలో 85 శాతం బతికించే బాధ్యత కౌన్సిలర్‌దే. అదే చట్టంలో వార్డుకు నాలుగు కమిటీలు కూడా ఉన్నాయి, ఒక్కోదానిలో 15 మంది. వార్డులో అయిన పనులు, బిల్లులు మూడు నెలలకోసారి ఆ కమిటీల ముందు చదివి వినిపిస్తానని రాశాను. చెప్పిన వాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది అదే, ఎవరూ దాని గురించి అడగలేదు.

ఉపసంహరణ 14న, భోగి రోజు. ఆ తర్వాతే మాకు గుర్తు వచ్చింది, ప్రచారం 20 సాయంత్రానికి బంద్. పండగ పూట ఇంటికి వెళ్తే అప్పాలు పెట్టారు కానీ "సార్ రాలేదా?" అని అడిగినవాళ్లు చాలామంది. పోటీ చేస్తున్నది నేను, సమాధానం కూడా నేనే చెప్తాను అని ప్రతిసారీ చెప్పాను. ఇది ఎన్నిసార్లయినా చెప్పాల్సిందే, సగం సీట్లు ఆడవాళ్లకు ఇచ్చాక కూడా జవాబు ఇంటాయనే చెప్పాలంటే ఎట్లా?

22న పోలింగ్, 25న లెక్కింపు. ఓడిపోయాను. ఓడినవాళ్లు కూడా 45 రోజుల్లో ఖర్చుల లెక్క ఇవ్వాలి, లేకపోతే తర్వాత పోటీకి పనికిరారు, మర్చిపోకండి.

లెక్క ఇచ్చాక, గెలిచినామె ఇంటికి వెళ్లి మోరీ కాగితం ఇచ్చాను. "నువ్వు కూడా రా వదినా" అని ఇంజనీరు దగ్గరికి నన్నూ తీసుకెళ్లింది. పై సగం కట్టారు. కింది వరస ఇళ్ల దగ్గరిది ఇంకా కట్టలేదు, దాని కోసం ఇద్దరం కలిసి అర్జీలు ఇస్తూనే ఉన్నాం.