క్లినోస్టాట్ ఫైలు కదిలిన వైనం: నా అనుభవం

భారరహిత స్థితిలో టీ-కణాలు (రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు) ఎందుకు మందగిస్తాయో నేలమీదే పరిశీలించడానికి మాకు కావలసిన క్లినోస్టాట్, అంటే కణాలున్న పాత్రను మెల్లగా తిప్పే యంత్రం, ఎట్టకేలకు ల్యాబుకు చేరింది, మొదటి ప్రయోగమూ ముగిసింది. ఎథిక్స్ కమిటీ అనుమతి సునాయాసంగా లభించింది. రక్తమివ్వడానికి తోటి పరిశోధకులే ముందుకు వచ్చారు.

ప్రాణం తోడేసింది పర్చేజ్ సెక్షన్. "మీ ల్యాబులో సెంట్రిఫ్యూజ్ ఉన్నది. అదీ తిరిగేదే. మరొకటి దేనికి?" అని రాసి ఫైలును తిప్పి పంపారు. సెంట్రిఫ్యూజ్ అతివేగంగా తిరిగి కణాల బరువును వందల రెట్లు పెంచి వాటిని అడుగుకు దించుతుందనీ, క్లినోస్టాట్ తాపీగా తిరుగుతూ గురుత్వాకర్షణ దిశను కణానికి క్షణక్షణం మార్చివేస్తుంది కనుక అవి అడుగున కుదురుకోలేవనీ వివరణ రాసి ఇచ్చాను. "రోదసి పరిశోధన ఈ సంస్థ పరిధిలోనిది కాదు" అని ఇంకో కొర్రీ వేశారు. గగన్‌యాన్‌కు సన్నద్ధమవుతున్న దేశంలో ఈ మాట రాయడానికి చేయి ఎలా వచ్చిందో!

చివరికి అధికారి బల్ల ముందు, వచ్చేపోయే వారందరూ వింటుండగా, కుర్చీ కూడా చూపని మర్యాదకు తలవంచి, మొదటి నుంచి చెప్పాను. 1983లో స్పేస్‌ల్యాబ్-1 అనే అంతరిక్ష ప్రయోగశాలలో శాస్త్రవేత్త అగస్టో కోగొలి బృందం మానవ లింఫోసైట్లకు (టీ-కణాలు ఈ కోవలోవే) వాటిని ఉత్తేజపరిచే కాంకనావలిన్-ఏ అనే ప్రోటీన్‌ను అందించినప్పుడు, వాటి స్పందన నేలమీది కణాల స్పందనలో 3 శాతం కూడా లేదు. పైగా గురుత్వం పెరిగితే కణవిభజన పెరుగుతుంది కనుక, అధికారి వాడమంటున్న సెంట్రిఫ్యూజ్ నాకు సరిగ్గా వ్యతిరేక ఫలితమిస్తుంది. ఆయన తల ఎత్తలేదు. పరీక్షించిన షటిల్ వ్యోమగాముల్లో 53 శాతం, అంతరిక్ష కేంద్రంలో ఉన్నవారిలో 61 శాతం మందికి ఒంట్లో నిద్రాణంగా ఉన్న హెర్పిస్ వైరస్‌లు మేల్కొని లాలాజలంలోనో మూత్రంలోనో బయటపడ్డాయని చెప్పినప్పుడు మాత్రం, "అంటే సర్పి లాంటిదా? మా ఆవిడకు వచ్చింది" అని కలం తీశారు. శాస్త్రానికి కదలని ఫైలు సర్పికి కదిలింది.

కనుక, ఈ దారిలో వచ్చేవారు వివరణ లేఖల మీద కాలం వృథా చేయక స్వయంగా వెళ్లి నిలబడండి. ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటైన జెమ్ పోర్టల్‌లో పరికరం దొరకదన్న నివేదికను అడగకముందే జతచేయండి. యంత్రం వచ్చాక కణాలుంచే పాత్రను ద్రవంతో పూర్తిగా నింపండి; ఒక్క గాలిబుడగ మిగిలినా ద్రవం అల్లకల్లోలమై కణాలు ఒరిపిడికి గురవుతాయి, ఆ మార్పును భారరహితానికి అంటగట్టే ప్రమాదం ఉంది. అదే ఇంక్యుబేటర్‌లో తిరగని పాత్రను పోలిక కోసం ఉంచాను. తిరిగిన పాత్రలో సీడీ69 (కణం ఉత్తేజితమైందని తెలిపే ప్రోటీన్) చూపిన కణాలు స్పష్టంగా తగ్గాయి.