లేబుల్ లేని సీసాలో ఏముందో తూకం వేసి తేల్చుకున్నాం

హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మొన్నటి వానాకాలం సెమిస్టర్‌లో స్టోక్స్ పద్ధతి ప్రయోగం మమ్మల్ని బాగా సతాయించింది. పొడవాటి గాజు జాడీలో గ్లిజరిన్ పోసి, చిన్న ఉక్కు గుండ్లను ఒక్కొక్కటే వదలాలి. రెండు గీతల మధ్య దూరం దాటడానికి గుండుకు ఎంత సేపు పడుతుందో చూసి స్నిగ్ధత, అంటే ద్రవం ఎంత చిక్కగా ఉందో, లెక్కకట్టాలి. గుండు నింపాదిగా దిగితేనే టైం పట్టుకోగలం. మా జాడీలో మాత్రం స్టాప్‌వాచ్ నొక్కేలోపే అడుగున టక్కుమంటోంది. గ్లిజరిన్ స్నిగ్ధత 30 డిగ్రీల దగ్గర సుమారు 0.6 పాస్కల్ సెకను ఉండాలి. పిల్లలకు అందులో పావు వంతు కూడా రావడం లేదు. ఒక బ్యాచ్‌కు అలా వస్తే రీడింగులు సరిగా తీయలేదనుకోవచ్చు, అన్ని బ్యాచ్‌లకూ అదే వస్తే అనుమానం ద్రవం మీదికే పోతుంది.

ఆ ద్రవం ముదురు గోధుమరంగు సీసాలో ఉంది. లేబుల్‌ను పురుగు తినేసింది, మిగిలిన ముక్క మీద కంపెనీ గుర్తు తప్ప ఏమీ లేదు. "గ్లిజరినే సార్, నేను వచ్చినకాడికెల్లి ఇదే వాడుతున్నరు" అన్నాడు అటెండర్ అన్న. స్టాఫ్‌రూంలో ఒకరు ఆముదం అన్నారు. ఆ మాట తేల్చడానికి తూకం అక్కర్లేదు. గ్లాసు నీళ్లలో ఒక చుక్క వేస్తే సన్నటి దారంలా సాగుతూ కిందికి దిగిపోయింది. ఆముదం సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.96 గ్రాములు, నీళ్లది దాదాపు 1, కాబట్టి నీళ్ల మీద తేలాలి.

అసలు స్టోక్స్ సూత్రంలోనే ద్రవం సాంద్రత ఒక పదంగా ఉంటుంది. అందరూ పుస్తకంలో గ్లిజరిన్‌కు ఇచ్చిన 1.26 తెచ్చి అందులో వేసేస్తారు, మన ముందున్న ద్రవాన్ని ఎవరూ తూచరు. ఈసారి తూచాలనుకున్నాం.

మొదట స్పెసిఫిక్ గ్రావిటీ బాటిల్ తీశాం. 25 మిల్లీలీటర్ల చిన్న గాజు బుడ్డి, బిరడా మధ్యలో వెంట్రుకంత రంధ్రం. ఖాళీగా ఒకసారి, నీళ్లతో ఒకసారి, ద్రవంతో ఒకసారి తూచి భాగించడమే. నీళ్లకైతే బాగానే ఉంది. చిక్కటి ద్రవం పోసేసరికి బుడగలు గాజుకు అతుక్కుని ఎంతకీ పైకి రావు. బిరడా నొక్కితే రంధ్రంలోంచి వచ్చినది బయటంతా పూసుకుపోయింది, తుడుస్తుంటే లోపలిది కూడా గుడ్డకు ఎక్కుతోంది. ఒకసారి 1.20, ఇంకోసారి 1.22. ఈ బుడ్డి స్పిరిట్, కిరోసిన్ లాంటి పల్చటివాటికి మంచిది. చిక్కటి దానితో చేయాలంటే ఓపిగ్గా వేడినీళ్లలో పెట్టి, బుడగలు పోయాక, మళ్లీ చల్లారనిచ్చి చేయాలి. మా ప్రాక్టికల్ టైంలో అంత తీరిక ఉండదు.

అందుకని ఆర్కిమెడీస్ దారి పట్టాం. కెమిస్ట్రీ మేడంను అడిగి 0.01 గ్రాము దాకా చూపే డిజిటల్ కాటా తెచ్చుకున్నాం. మా వెయిట్ బాక్సులోని 50 గ్రాముల ఇత్తడి రాయి పెట్టి చూస్తే కాటా సరిగ్గానే ఉంది. పాత రియేజెంట్ సీసాల్లోంచి గట్టి గాజు బిరడా ఒకటి ఏరాం. లోపల బోలుగా ఉండే బిరడాలు ఈ పనికి పనికిరావు, అడుగున గాలి పట్టుకుని కూర్చుంటుంది. నూలుదారం తడిని పీల్చుకుంటుంది కాబట్టి గాలానికి కట్టే సన్నటి నైలాన్ తీగతో బిరడాను స్టాండుకు వేలాడదీశాం.

బీకరులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి, టేర్ నొక్కి సున్నా చేయాలి. తర్వాత స్టాండును మెల్లగా దించి బిరడాను నీళ్లలో పూర్తిగా ముంచాలి, అడుగుకు గానీ పక్కలకు గానీ తగలకూడదు. అప్పుడు కాటా మీద అంకె పెరుగుతుంది. ఒక అమ్మాయి అక్కడే ఆపింది: "సార్, బిరడా స్టాండుకు కదా వేలాడుతుంది, కాటా మీద బరువెట్ల పెరుగుతది?" మంచి ప్రశ్న. నీళ్లు బిరడాను ఎంత బలంతో పైకి నెడతాయో, బిరడా నీళ్లను అంతే బలంతో కిందికి నెడుతుంది. ఆ బలం బీకరు ద్వారా కాటా మీద పడుతుంది. పెరిగిన అంకె బిరడా బరువు కాదు, బిరడా పక్కకు తోసిన నీళ్ల బరువు. నమ్మకం కుదరక ఆ అమ్మాయి స్టాండును ఇంకో సెంటీమీటరు దించి చూసింది. అంకె కదల్లేదు. బిరడా అడుగుకు తగలగానే ఒక్కసారిగా ఎగిరింది. నేను చెప్పిన దానికంటే అది చూశాకే వాళ్లకు బాగా ఎక్కింది.

నీళ్లలో 12.53 గ్రాములు. బిరడాను శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి, సీసాలోని ద్రవంలో ముంచితే 15.47. ఫ్యాన్ తిరుగుతుంటే చివరి అంకె ఆగదు, అందుకని ఫ్యాన్ ఆపి అందరం చెమటలు కక్కుతూ నిలబడ్డాం. ద్రవాన్ని ఎక్కువసేపు తెరిచి ఉంచకూడదని గది తలుపులు కూడా మూశాం, వాన గాలి మరి.

15.47ను 12.53తో భాగిస్తే 1.235. అది నీళ్లతో పోల్చిన లెక్క. అక్కడితో ఆపేయడం చాలామందికి అలవాటు. నీళ్ల సాంద్రత సరిగ్గా 1 అయ్యేది 4 డిగ్రీల దగ్గర. ఆ మధ్యాహ్నం మా ల్యాబులో 32 డిగ్రీలుంది, ఆ వేడికి నీళ్లది 0.995. దాంతో గుణిస్తే 1.228 వచ్చింది. కాటా చివరి అంకె ఒకటి అటూఇటూ అయినా తేడా 0.001 దగ్గరే ఉంటుంది, కాబట్టి ఆ మూడో అంకెను కాస్త నమ్మవచ్చు. అటెండర్ అన్న ఊరుకోలేదు. "గింత కథ ఎందుకు సార్, ఇన్వర్టర్ బ్యాటరీ దుకాణంల గాజు గొట్టం ఉంటది, తెస్త ఆగుండ్రి" అని ద్రవం సాంద్రత చూపే హైడ్రోమీటర్ పట్టుకొచ్చాడు. ద్రవం గొట్టంలోకి ఎక్కడానికే చాలాసేపు పట్టింది గానీ, చివరికి తేలుడు 1.23 గీత దగ్గరే నిలిచింది.

ఆ గొట్టమే ఇంకో చిక్కు తెచ్చింది. బ్యాటరీ యాసిడ్ కూడా కొంత వాడకం అయ్యాక ఇంచుమించు అదే గీత చూపిస్తుంది. సగానికి సగం చక్కెర కలిపిన పాకానికీ 1.23 వస్తుంది. కాబట్టి తూకం చూసి ఇది ఫలానా అని ఒట్టేసి చెప్పలేం, ఏవి కావో మాత్రం గట్టిగా చెప్పగలం. యాసిడ్ ఇంత చిక్కగా ఉండదు, నీలి లిట్మస్ కూడా ఎర్రబడలేదు. ఒక చుక్కను గాజు పలక మీద పూసి మర్నాటి దాకా వదిలేస్తే ఆరలేదు, తడిగానే జారుతోంది. పాకమైతే ఎండి గట్టిపడేది. చివరగా కెమిస్ట్రీ మేడం వాళ్ల ల్యాబులో, పొగను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ కింద, పొటాషియం బైసల్ఫేట్ వేసి వేడిచేశారు. మాడిన నూనె ఘాటు ఒక్క క్షణం ముక్కుకు తగిలింది. అది ఎక్రోలీన్, గ్లిజరిన్‌ను ఇలా వేడిచేస్తే పుట్టేది. వంటింట్లో నూనె మాడినప్పుడు కళ్లు మండించేదీ అదే. గ్లిజరినే అని తేలిపోయింది.

గ్లిజరిన్ అయితే మరి 1.228 ఏమిటి? స్వచ్ఛమైనది ఆ వేడిలో 1.25కు పైన ఉండాలి. గ్లిజరిన్‌కు గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది, మూత వదులైన సీసాలో అది ఏళ్ల తరబడి నీళ్లు తాగుతూనే ఉంటుంది. పట్టికలో చూస్తే మా ద్రవం దాదాపు 90 శాతం గ్లిజరిన్, 10 శాతం నీళ్లు. సాంద్రతలో పోయింది 2 శాతమే. స్నిగ్ధతలో మాత్రం ఆ 10 శాతం నీళ్లు చేసే పని అంతా ఇంతా కాదు: 30 డిగ్రీల దగ్గర 0.6 ఉండాల్సింది 0.11కి పడిపోతుంది. గుండ్లు అలా పరుగెత్తడానికి కారణం అదన్నమాట. అంత వేగంగా దిగే గుండుకు స్టోక్స్ సూత్రం కూడా సరిగ్గా అతకదు, అందుకే పిల్లలకు 0.11 కంటే కాస్త ఎక్కువే వస్తోంది.

కొత్త సీసా తెప్పించి, మూత తీసిన రోజే అదే బిరడాతో తూచాం. 15.79 గ్రాములు, అంటే 1.254. అందులో గుండు తాపీగా దిగింది. పాతదాన్ని పారబోయలేదు. రెండు జాడీలూ పక్కపక్కన పెట్టి, ఎవరి సాంద్రత వాళ్లే తూచుకుని సూత్రంలో వేయాలని రికార్డులో ఒక పేజీ చేర్చాం. సీసాల మీద పేరుతో పాటు సాంద్రత, ఉష్ణోగ్రత, తూచిన తేదీ రాసి, పురుగు పట్టకుండా పైన సెల్లోటేపు అంటించింది అటెండర్ అన్నే.