పన్నెండడుగుల బల్ల

తొమ్మిదో తరగతిలో నేను దొంగ లెక్కలు రాసి మా పి.ఎస్. (ఫిజికల్ సైన్స్) సార్‌కు దొరికిపోయాను. ముప్పై ఏళ్లు దాటింది కాబట్టి ఇప్పుడు మన బడి సంచికలో రాసుకున్నా ఫర్వాలేదు. నేనొక్కడినే కాదు, మా జట్టు నలుగురమూ.

మా తర్వాత చదివినవాళ్లకు ల్యాబ్ వరండాలో మధ్యన గాడి ఉన్న పొడుగాటి బల్ల గుర్తుండే ఉంటుంది. కూర్చుంటే ఒత్తుకుంటోందని తిట్టుకునేవాళ్లట. అది కూర్చోడానికి చేసింది కాదు. సార్ సొంత డబ్బుతో వడ్రంగి చేత చేయించిన గెలీలియో బల్ల. పొడవు 12 అడుగులు. వడ్రంగి చిత్రిక పట్టి ఇస్తే గాడి అంచులు మేమే ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేశాం. ఒక చివర కింద రెండు ఇటుకలు పెట్టాం. లారీ బేరింగులోని ఉక్కు గుండు మెకానిక్ షెడ్డులో దొరికింది.

త్వరణం పాఠం మొదలుపెట్టే రోజు సార్ స్టాప్‌వాచీని బీరువాలో పెట్టి తాళం వేశారు. "గెలీలియో దగ్గర ఇది లేదు. మనకూ వద్దు" అన్నారు.

1638లో అచ్చయిన పుస్తకంలో వాలు బల్ల మీద దొర్లే గుండు వేగం ఎలా పెరుగుతుందో చూసే ప్రయోగం తను ఎలా చేశాడో గెలీలియో వివరంగా రాశాడు. 12 మూరల దూలం (వాళ్ల మూర మనదానికంటే పెద్దది), దానిలో గాడి, గాడికి నున్నటి తోలు కాగితం, దొర్లించడానికి కంచు గుండు. కాలం కొలవడానికి ఎత్తులో ఒక నీళ్ల పాత్ర, దాని అడుగున సన్నటి గొట్టం. గుండు దొర్లినంతసేపూ పడిన నీళ్లు పట్టి తూచడమే. మేమూ కుండకు బెజ్జం పెట్టి, సెలైన్ గొట్టం దూర్చి, మైనంతో మూశాం. తూకానికి కంసాలి త్రాసు అడిగి తెచ్చుకున్నాం.

బల్లంతా దొర్లితే 16 గ్రాముల నీళ్లు పడ్డాయి. నాలుగో వంతు దూరానికి ఒకసారి 9, ఒకసారి 7, కుండ దగ్గరివాడు తుమ్మినప్పుడు 11. పుస్తకంలో సూత్రం (కాలం రెట్టింపైతే దూరం నాలుగింతలు) చూస్తే సగం కాలం పట్టాలి, అంటే 8. ఎండ మండిపోతోంది. ఇంటర్వెల్ బెల్లు కొట్టేశారు. పదిసార్లూ 8 అని రాసి ఇచ్చేశాం.

సార్ కాగితం చూసి, "కంసాలి కూడా ఇంత కచ్చితంగా తూచడురా" అన్నారు. బెత్తం తీస్తారనుకున్నాం. తీయలేదు, కథ చెప్పారు. తను వందసార్లు చేశాననీ, నాడి కొట్టుకోవడంలో పదో వంతు తేడా కూడా రాలేదనీ గెలీలియో రాసుకున్నాడు. ఆ నీళ్ల గడియారంతో అంత కచ్చితంగానా అని ఒక పెద్ద చరిత్రకారుడు ఎగతాళి చేశాడు. తర్వాత ఒక కుర్రాడు అదే బల్ల మళ్లీ కట్టి, సాధ్యమేనని చూపించాడు. (ఆ పేర్లు నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. ఎగతాళి చేసింది 1953లో అలెగ్జాండర్ కొయిరే, చేసి చూపించింది 1961లో థామస్ సెటిల్.) "గెలీలియోనే నమ్మలేదు, మిమ్మల్నెట్లా నమ్మేదిరా?" అని కాగితం వెనక్కిచ్చేశారు.

మళ్లీ చేశాం. గుండు వదిలేవాడే గొట్టం కూడా పట్టుకుంటే తేడా తగ్గుతుందని మూడో రోజుకు గానీ తెలిసిరాలేదు. ఆ తర్వాత ఏడున్నరకూ ఎనిమిదిన్నరకూ మధ్యలోనే వచ్చేది.

అసలు సంబరం దారాల రోజున జరిగింది. గెలీలియో తండ్రి విన్సెంజో ల్యూట్ అనే తీగవాద్యం వాయించేవాడు. మన వీణ మెట్లలాంటివి ల్యూట్‌కూ ఉంటాయి, కాకపోతే నరంతో కట్టినవి, అటూ ఇటూ జరపొచ్చు. గెలీలియో గుండు దారిలో అలాంటివే కట్టి, చప్పుడును పాట లయకు సరిపెట్టి ఉంటాడని చరిత్రకారుడు స్టిల్‌మన్ డ్రేక్ 1975లో రాశాడు. ఊహే అనుకోండి, కానీ బాగున్న ఊహ. మేము గాలానికి కట్టే నైలాన్ దారం వాడాం. మూడు దారాలు, చివర ఒక చెక్క ముక్క, మొత్తం నాలుగు చప్పుళ్లు. సమాన దూరాల్లో కడితే గుర్రం దౌడు తీసినట్టు వినిపించింది.

మా బ్యాచ్‌లో రామాలయం దగ్గర చెక్కభజన ఆడేవాడొకడు ఉన్నాడు. పేరు రాస్తే తంతాడు. లెక్కల్లో ఎప్పుడూ పాసు మార్కులు దాటలేదు. వెనక బెంచీలోంచి లేచొచ్చి, కళ్లు మూసుకుని, చేతిలో చెక్కలున్నట్టు వేళ్లు ఆడిస్తూ విన్నాడు.

"రెండోది ముందే పడతాంది సార్. కిందికి జరపల్ల."

జరిపాం. గంట సేపు వాడు చెప్పడం, మేం జరపడం. నాలుగు చప్పుళ్లూ సమానంగా తాళంలో పడ్డాక, గుండు వదిలిన చోటు నుంచి ఒక్కో ఎడమూ టేపు పెట్టి కొలిచాం. 9 అంగుళాలు, 26న్నర, 45, 63న్నర. సార్ బోర్డు మీద అన్నిటినీ తొమ్మిదితో భాగించమన్నారు. 1, ఇంచుమించు 3, 5, ఇంచుమించు 7. అన్నీ వరస బేసి సంఖ్యలే.

మేమింకా బోర్డు వైపే చూస్తుంటే వాడు, "బల్ల ఇంకా పొడుగుంటే ఐదోది యాడ కట్టల్ల సార్?" అని అడిగాడు. "నువ్వే చెప్పు" అన్నారు సార్. వాడు వేళ్లు మడుస్తూ తొమ్మిది తొమ్మిదులు లెక్కపెట్టి, టేపు లాక్కుని, బల్ల చివర నుంచి 6 అడుగుల 9 అంగుళాలు కొలుచుకుంటూ వెళ్లాడు. అది వరండా దాటి మెట్ల కింద పడింది. అక్కడ ఒక రాయి పెట్టి వచ్చాడు.