బంతి ఇమ్మని ఎవరైనా అడిగారా?

చికాగో హైస్కూళ్లలో కుర్రాళ్లు కొట్లాటల్లో పడకుండా నడిపే 'బికమింగ్ ఎ మ్యాన్' కార్యక్రమంలో ఒక ఆట ఉంది. పిల్లల్ని జంటలు చేసి, ఒకడి చేతికి బంతి ఇస్తారు. రెండోవాడు 30 సెకన్లలో దాన్ని తీసుకోవాలి. ఇంక చూడండి, వేళ్లు విడదీయడం, చెయ్యి మెలిపెట్టడం, కిందపడి పెనుగులాడటం! ఆ తర్వాత బంతి రెండోవాడికిచ్చి మళ్లీ ఆడిస్తారు. అదే తంతు.

అప్పుడు ఆట నడిపించే కౌన్సెలర్ అడుగుతాడు: "బంతి ఇమ్మని ఎవరైనా అడిగారా?" అడిగితే ఇవ్వడనే అందరి నమ్మకం. పక్కవాణ్ణి కదిపితే, అడిగుంటే ఇచ్చేసేవాణ్ణే అంటాడు. చాలా కొట్లాటలు పుట్టేది ఇలాంటి తప్పు ఊహలోంచే. ఊహకీ చేతికీ మధ్య ఒక్క క్షణం ఆగడం నేర్పాలి. అది ఉపన్యాసంతో రాదు.

పరిశోధకులు లాటరీ పద్ధతిలో కొందరు పిల్లల్ని ఈ కార్యక్రమానికి ఎంపిక చేసి, మిగతావాళ్లతో పోల్చి చూశారు. కార్యక్రమం నడిచినంత కాలం అందులో చేరినవాళ్లలో హింసాత్మక నేరాల అరెస్టులు 45-50 శాతం తగ్గాయి. ఆగాక ఆ తగ్గుదల నిలవలేదు. అందుకే ఏడాదికో అవగాహన సదస్సు పెట్టి చేతులు దులుపుకుంటే నాకు బాధేస్తుంది.

మన బడిలో చేయాలంటే వారానికో గంట, బడి వేళల్లోనే, గుంపుకి 15 మందికి మించకుండా పెట్టండి. అరవై మందితో ఇది గోలే. ఇప్పటికే పగలున్న ఇద్దర్ని జంట కట్టొద్దు. ఆటకి ముందే నీతి చెప్పేస్తే పిల్లలు మీకు నచ్చే జవాబే ఇస్తారు. వాళ్లు చెప్పింది హెడ్మాస్టరు చెవిన వేస్తే రెండో వారం ఎవరూ నోరు విప్పరు.