గ్లోబు మీద అతుకులు

గూగుల్ ఎర్త్ తెరవగానే చాలామంది ముందు తమ ఇంటి పైకప్పు వెతుక్కుంటారు. నేను నేరుగా ఉత్తర ధ్రువం మీదికి పోతాను. అక్కడో చిల్లు ఉంటుంది, దాన్ని చూడటానికి.

సముద్రపు మంచు ఎంత దట్టంగా ఉందో చూపే లేయర్, అంటే గ్లోబు మీద పరిచే డేటా పొర, వేస్తే, సరిగ్గా ధ్రువం చుట్టూ ఒక ఖాళీ వృత్తం కనిపిస్తుంది. అక్కడ మంచు లేదని కాదు, కొలత లేదని. మంచును మైక్రోవేవ్‌లతో కొలిచే ఉపగ్రహాలు ధ్రువం నడినెత్తి మీదుగా పోవు, కాస్త పక్కనుంచి పోతాయి. వాటికి అందని మేర అలా మిగిలిపోతుంది. టైమ్ స్లైడర్‌ని 1979 నుంచి ముందుకు లాగుతూ పోతే ఆ చిల్లు చిన్నదవుతుంది. మొదట్లో దాని వ్యాసార్థం 611 కిలోమీటర్లు. 1987లో కొత్త పరికరం వచ్చాక 311. 2008 నుంచి 94. మంచు విస్తీర్ణం లెక్కగట్టేటప్పుడు ఆ వృత్తమంతా మంచే ఉందనుకుని కలిపేస్తారు. 2012 సెప్టెంబరులో ఆర్కిటిక్ మంచు రికార్డు స్థాయికి పడిపోయి సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు చేరిందన్నారే, ఆ అంకెలో కూడా ఆ చిల్లు కలిసే ఉంది.

ఇదంతా మామూలు మెర్కేటర్ పటంలో, అంటే గుండ్రటి భూమిని చదునుగా పరిచిన ప్రపంచ పటంలో, చూడలేం. అందులో ధ్రువమే ఉండదు, పటం అంతకుముందే తెగిపోతుంది. పైగా గ్రీన్‌లాండ్ ఆఫ్రికాతో పోటీ పడుతున్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. గ్లోబుకీ ఒక చిక్కుంది లెండి: ఎటు తిప్పినా సగం భూమి అవతలే ఉంటుంది.

రెండు రకాల కొలతలు కలిసే అతుకుల సంగతికొస్తే, అన్నిటికంటే పెద్ద గోల 2009లో జరిగింది. ఆ ఫిబ్రవరిలో గూగుల్ ఎర్త్‌లోకి సముద్రపు అడుగు వచ్చింది. కొద్ది రోజులకే కానరీ దీవులకు దూరంగా, అట్లాంటిక్ అడుగున గళ్లుగళ్లుగా గీతలు ఎవరి కంటో పడ్డాయి. ఇంకేముంది, మునిగిపోయిన అట్లాంటిస్ నగరం వీధులేనని ప్రచారం మొదలైంది. తీరా చూస్తే అవి ఓడలు తిరిగిన దారులు. సోనార్‌తో, అంటే ధ్వని తరంగాలతో, లోతు కొలుస్తూ ఓడ వెళ్లిన చోట వివరం ఎక్కువ. పక్కనంతా ఉపగ్రహ కొలతల నుంచి కట్టిన అంచనా. రెండూ కలిసిన చోట గీత తేలింది. తర్వాత డేటా మెరుగుపరిచి 2012లో వాటిని మాయం చేశారు. నాకైతే అవి ఉంచేస్తేనే బాగుండేది అనిపిస్తుంది. ఎక్కడ నిజంగా కొలిచారో, ఎక్కడ ఊహించారో చూడగానే తెలిసేది.

ఇక మంటల చుక్కలు. మంటల సమాచారం ఇచ్చే నాసా వాళ్ల ఫర్మ్స్ సైటు నుంచి కేఎంఎల్ ఫైలు (గూగుల్ ఎర్త్‌లో తెరుచుకునే రకం) దించుకుని తెరిస్తే, ఉపగ్రహాలు పసిగట్టిన మంటలు గ్లోబు మీద ఎర్ర చుక్కలుగా వస్తాయి. ఆ ఫైలు మా బాబాయికి పంపాను. సాయంత్రానికల్లా ఫోను. “ఒరేయ్, చెరువు మధ్యలో మంటేంట్రా? మీ శాటిలైటుకు కళ్లు పోయాయా?”

కళ్లు బానే ఉన్నాయి. ఆ చుక్క మంట ఉన్న చోటు కాదు, పిక్సెల్ నడిమధ్య; పిక్సెల్ అంటే ఉపగ్రహం ఒక్క ముక్కగా చూసే గడి. మోడిస్ అనే ఉపగ్రహ పరికరానికి ఒక పిక్సెల్ అంటే కిలోమీటరు, వియర్స్ అనే ఇంకో పరికరానికి 375 మీటర్లు. మంట అందులో ఏ మూలైనా ఉండొచ్చు. కింద ఉన్న ఫొటోలో మాత్రం చెట్టూ చేమా విడివిడిగా కనిపిస్తాయి, పైగా అది ఎప్పుడో తీసింది. రెండూ ఒకే తెరమీద ఉండేసరికి, చుక్క కూడా అంత కచ్చితమైనదే అనుకుంటాం. జూమ్ చేసేకొద్దీ నమ్మకం పెరుగుతుంది, డేటా మాత్రం అంతే ఉంటుంది. చుక్క లేకపోతే మంట లేదనీ కాదు. మబ్బు పట్టి ఉండొచ్చు, ఆ వేళకు ఉపగ్రహం అటు రాకపోయి ఉండొచ్చు. ఇదంతా చెప్తే బాబాయి కాసేపు విని, “అయితే ఇది లైవ్ కాదన్నమాట” అన్నాడు, మోసపోయినట్టు.

సముద్రం లోపలి ఉష్ణోగ్రతల లేయర్ చూస్తే ఇంకా తమాషా. గోడకు పెయింటు వేసినట్టు ఎక్కడా ఖాళీ లేకుండా రంగు పరుచుకుని ఉంటుంది. దాని వెనక ఆర్గో ఫ్లోట్లు, అంటే సముద్రంలో తమంతట తామే మునుగుతూ తేలుతూ కొలిచే పరికరాలు, ఉంటాయి, ప్రపంచమంతా కలిపి దాదాపు 4,000. ఒక్కోటి పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలుస్తూ పైకొచ్చి, ఉపగ్రహానికి కబురు పంపి మళ్లీ మునుగుతుంది. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎడం సుమారు 300 కిలోమీటర్లు. మధ్యలో కనిపించే రంగంతా లెక్కగట్టి నింపిందే. నింపడం తప్పని అనను, పద్ధతి ప్రకారమే చేస్తారు. కానీ నేను ఫ్లోట్ల చుక్కల లేయర్ కూడా పైన వేసుకుంటేగాని ఆ రంగుల జోలికి పోను.

లేయర్లు తయారుచేసి పంచేవాళ్లతోనే నా పేచీ. చుక్క మీద క్లిక్ చేస్తే తెరుచుకునే పెట్టె ఉంటుంది కదా, చాలాసార్లు అది ఖాళీ. కొలిచిన తేదీ, పిక్సెల్ సైజు, ఏ పరికరం అన్నది అందులో రాయడం రెండు లైన్ల పని. రంగులు ఎంచుకోవడానికి పెట్టిన టైములో పదోవంతు కూడా పట్టదు.