మగపిల్లాడూ, ఊలు సూదులూ

పడుకుందామన్నా అదే మాట చెవిలో రొద పెడుతోంది. "మగపిల్లాడికి ఈ అల్లికలేంటమ్మా?" అన్నారు పెదనాన్న, నేనిచ్చిన కాఫీ తాగుతూనే. మా చిన్నాడు గబుక్కున సగం అల్లిన టోపీని సోఫా దిండు కిందికి తోసేశాడు. ఆ తోసేయడం చూస్తే ఒళ్ళు మండిపోయింది. సూది ఊడి రెండు వరసలు జారిపోయాయి కూడా.

వీడు ఐస్ హాకీలో గోలీ, అంటే గోల్‌కీపర్. ప్యాడ్లు, మాస్కు వేసుకున్న ఫోటోని వాట్సాప్‌లో ఊరంతా పంచింది ఈయనే. అది మాత్రం ఘనకార్యం!

గిన్నెలు తోముతూ హాకీ గోలీ జాక్ ప్లాంట్ కథ సిద్ధం చేసుకున్నాను, పొద్దున్నే వినిపిద్దామని. కెనడాలోని క్యుబెక్‌లో 11 మంది పిల్లల్లో పెద్దవాడు. కొనే స్తోమత లేక టోపీలు తనే అల్లుకునేవాడు, మాంట్రియల్ కెనడియన్స్ హాకీ జట్టులో స్టార్ అయ్యాకా మానలేదు. ఉబ్బసంతో ఎక్కువ స్కేటింగ్ చేయలేక గోల్ దగ్గర కుదురుకున్నాడు. 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో ఎదుటి జట్టు ఆటగాడు ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ (బంతి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్ళ) తగిలి మొహం చీరుకుపోయింది. అప్పట్లో జట్టుతో రెండో గోలీ ఉండేవాడు కాదు, కుట్లు వేసి మళ్ళీ దింపడమే. మాస్కు లేకుండా దిగనన్నాడు ప్లాంట్. కోచ్ టో బ్లేక్‌కి అది సుతరామూ ఇష్టం లేదు, కానీ వేరే దిక్కు లేదు. 3-1తో గెలిచారు. ఆ ఊపులో 18 మ్యాచ్‌ల దాకా ఓటమే లేదు. మార్చిలో కోచ్ పోరు పడలేక ఒక్కసారి మాస్కు తీసి ఆడితే డెట్రాయిట్ మీద 3-0తో ఓడారు. మర్నాడే మళ్ళీ తగిలించాడు. 1970లో పక్ మాస్కుకి తగిలితేనే స్పృహ తప్పింది, అది లేకుంటే ప్రాణమే పోయేదన్నాడు.

ఇంత టైప్ చేశాక విసుగొచ్చింది. అల్లికకి ఈ నెత్తురు సాక్ష్యమెందుకు? ప్లాంట్ గోలీలకిచ్చే వెజినా ట్రోఫీని ఏడుసార్లు గెలిచాడు కాబట్టి ఊలు పట్టుకోవచ్చు, మొన్న శనివారం వచ్చిన ప్రతి పక్‌నీ గోల్‌లోకి వదిలేసిన మావాడు పట్టుకోకూడదా?

చెప్తే చీరాల సంగతే చెప్పాలి. పెదనాన్న పెరిగిన వీధిలో ఇంటింటా గుంట మగ్గం. సెలవులకి వెళ్తే పక్కింటాయన గుంటలో కాళ్ళు పెట్టుకుని నాడె విసురుతుంటే గుమ్మంలో గుంపుగా నిలబడేవాళ్ళం. పోగు తెగితే చూడకుండానే రెండు వేళ్ళ మధ్య మెలిపెట్టి అతికించేవారు. "ఏం పనితనమో!" అని మురిసిపోయిందీ పెదనాన్నే. ఆయన మగాడేనా అని అడిగిన గుర్తు లేదు మరి.

అదీ పని చేయదులెండి. "అది బతుకుతెరువమ్మా" అనేస్తారు.

ఆయన తిరుగు ప్రయాణం వచ్చే నెల. మళ్ళీ అంటే ఊరుకోకూడదనే ఉంది. కానీ నేను గొంతు పెంచగానే చెవి మిషన్ తీసి బల్ల మీద పెట్టేస్తారు, మీకు తెలిసిందేగా.